జారిన కుట్టు

రోజూ మధ్యాహ్నం అంట్లు సర్దుకున్నాక నాచారం క్వార్టర్ల ఆడవాళ్లు రాజేశ్వరమ్మ వరండాలో చేరి స్వెట్టర్లు అల్లేవారు. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది చలికాలం అది. ఏలూరు నుంచి వచ్చిన ఆవిడకు అల్లిక మీదున్న శ్రద్ధ వంట మీద లేదని భర్త విశ్వనాథం వాపోయేవాడు. ఉన్ని ఉండ నేల మీద దొర్లితే ఆవిడ ఊరుకునేది కాదు. పాత టీ కెటిల్‌లో ఉండ వేసి, పోగును దాని ముక్కులోంచి లాగమనేది. వరస పూర్తయితే డబ్బాలో ఒక చింతగింజ పడాలి. పదేసి వరసలకు ఒక పిన్నీసు. లేచేముందు సూదుల మొనలకు సీసా బిరడాలు గుచ్చాలి, లేకపోతే కుట్లు జారిపోతాయి.

బిరడాల విషయంలో మాత్రం ఎవరూ ఆవిడను వెక్కిరించలేదు. ఆ వరండాలో అల్లిన స్వెట్టర్లో ఒక్క కుట్టు జారినా, తొడుక్కున్నవాళ్లు ఏదో ఒకటి మరిచిపోతారు. పక్క క్వార్టర్ గోపాలరావు గారు భార్య అల్లిన స్వెట్టర్ తొడుక్కుని మేడిపల్లికి దారి మరిచిపోయి పూటంతా ఉప్పల్‌లోనే తిరిగారు. తప్పు భార్యదేనని అందరూ అన్నారు, ఆవిడా ఒప్పుకుంది.

కమలకుమారి భర్త కనకరాజు కోసం నీలం స్వెట్టర్ అల్లుతోంది. అతను ఒక ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసేవాడు. నెల క్రితం పక్క మిషన్ త్రిమూర్తులు అనే స్నేహితుణ్ణి లాగేసింది. ఆ మనిషి కనకరాజు చేతుల్లోనే ప్రాణం వదిలాడు. అప్పట్నుంచి కనకరాజు డ్యూటీకి పోలేదు. త్రిమూర్తులు పేరెత్తితే చాలు, గోడకేసి తిరిగి పడుకునేవాడు. సోమవారం చేరకపోతే పేరు కొట్టేస్తామని కాయితం వచ్చింది.

శుక్రవారం, చంక దగ్గర ఒక కుట్టు సూది మీంచి జారింది. కమల చూసింది. చూసీ ఊరుకుంది. శనివారం రాత్రికి స్వెట్టర్ పూర్తి చేసింది.

ఆదివారం పొద్దున కనకరాజు స్వెట్టర్ తొడుక్కుని ఈల వేస్తూ సైకిల్ తుడిచాడు.

"రేపు డ్యూటీకి పోత. జర పొద్దుగాలనే లేపు" అన్నాడు.

కమలకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ పాడురోజు అతన్ని వదిలిపోయిందని దేవుడికి దండం పెట్టుకుంది.

పది గంటలకు త్రిమూర్తులు భార్య మంగతాయారు వచ్చింది. ఆమె టీచర్ ట్రైనింగు చదువుతోంది, ఇంకో ఆర్నెల్లు మిగిలింది. రెండు గంటల బండికి బావగారు ఆమెను తుని తీసుకుపోతున్నారు. చదువు అక్కడితో సరి.

"అన్నయ్యా, పోయేముందు ఆయన నా గురించి ఏమైనా అన్నారా?"

"ఎవరమ్మా?"

మొగుడి పేరు చెప్పలేక ఆమె తల దించుకుంది. కమలే అందించింది: "త్రిమూర్తులన్న."

కనకరాజు ఆలోచించాడు. "గాయిన ఎవరో నాకెరుక లేదు."

మంగతాయారు మొహం చూసి కమల తట్టుకోలేకపోయింది. ఆ ఆఖరి మాటలు విన్నది లోకంలో ఇతనొక్కడే. ఇతని దగ్గర్నుంచి వాటిని లాగేసుకున్నది తను. సిగ్గుతో చచ్చిపోయింది.

మంగతాయారును కూర్చోమని, భర్త ఒంటి మీది స్వెట్టర్ విప్పించి రాజేశ్వరమ్మ ఇంటికి పరుగెత్తింది. రెండు రోజుల్లో ఆ కుట్టు నిచ్చెనలా పదకొండు వరసలు కిందికి దిగిపోయింది.

"ఎప్పుడు జారింది?"

"శుక్రారం. నేను సూసిన పెద్దమ్మా. సూసే ఇడిసిపెట్టిన."

రాజేశ్వరమ్మ తిట్టలేదు. ఒక కొక్కెం సూది చేతికిచ్చింది. "అడుగున ఆగిన కుట్టును పట్టుకుని, పైనున్న అడ్డపోగుల్ని ఒక్కొక్కటే దాన్లోంచి లాగు. కంగారుపడకు. పైకొచ్చాక ముడెయ్యి."

"మళ్ల మంచాన పడ్తడు. నౌకరి పోతది."

"పోవచ్చు. నేను కాదనను. ఆ పిల్ల బండి మాత్రం రెండింటికి."

కమల పదకొండు పోగులూ లాగింది. ముడి దగ్గర ఒకసారి ఆగింది. అయినా వేసింది.

ఇంటికి తెచ్చి ఇస్తే కనకరాజు మళ్లీ స్వెట్టర్ తొడుక్కున్నాడు. మొహం నల్లబడింది. గోడకేసి తిరగబోయాడు, కానీ అటువైపు మంగతాయారు కూర్చుని ఉంది.

"సదువు మాననియ్యొద్దన్నడమ్మా" అన్నాడు చివరికి. "ట్రైనింగు పూర్తి చేపియ్యమన్నడు. మూడుసార్లు జెప్పిండు. నేనే నీ ముంగటికి రాలేకపోయిన." నెల రోజుల్లో మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చాడు.

తర్వాత ఆమె వెంట వెళ్లి, బావగారి ఎదుట నిలబడి ఆ మాటే మళ్లీ చెప్పాడు. చనిపోయిన తమ్ముడి మాట కాదనలేక ఆయన ట్రంకుపెట్టెను రిక్షాలోంచి దింపించారు.

సోమవారం తెల్లవారకముందే కనకరాజు తనంతట తనే లేచి సైకిల్ బయటికి తీశాడు.

"భయమైతలేదా?" అంది కమల.

"మస్తు అయితుంది" అని సైకిలెక్కాడు.