దీపం ఆర్పినా వచ్చిన అంకె

షబానా దీపం ఆర్పేసింది. అయినా లాప్‌టాప్‌లో అంకె ముప్పై ఎనిమిది దగ్గరే నిలిచింది. సున్నా రావాలి.

విడవలూరు దగ్గర అబిగయీలు రొయ్యల గుంట గట్టు అది. అబిగయీలు షబానా తల్లికి స్నేహితురాలే అయినా, చిన్నప్పటి నుంచీ షబానాకు అక్కే. షబానా చెన్నైలో చిప్‌లు డిజైన్ చేసే కంపెనీలో ఇంజనీరు. సముద్రంలో పడవ మీద మినుకుమనే దీపాన్ని పట్టపగలు కూడా ఒడ్డు నుంచి గుర్తుపట్టే సెన్సర్ కోసం రెండేళ్లుగా పిక్సెల్, అంటే కాంతిని పట్టే చిన్న గడి, గీస్తోంది. నమూనా చిప్ బిగించిన బోర్డునూ ఒక మినుకు దీపాన్నీ ఎండలో పరీక్షించడానికి ఇక్కడికి తెచ్చింది. పిక్సెల్‌లో రెండు అరలు. దీపం వెలిగినప్పటి కాంతి ఒక అరలోకి, ఆరినప్పటిది రెండో అరలోకి చేరుతుంది. ఎండ ఆరదు కాబట్టి రెండింటిలోనూ సమానంగా పడుతుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే దీపం వెలుగు మాత్రమే మిగలాలి.

దీపమే లేనప్పుడు ఈ ముప్పై ఎనిమిది ఎక్కడిది?

షెడ్డులో కంటికి తెలియకుండా మినుకుమనే ఎల్‌ఈడీ బల్బులు ఆర్పించింది. మార్పు లేదు. ఏరేటర్ల కరెంటు మీద అనుమానం వచ్చింది.

"పది నిమిషాలు ఆపుతావా అక్కా?"

"పదంటే పదే. ఆపైన రొయ్యలకు గాలి అందదు," అంది అబిగయీలు.

ఆపినా అంకె కదల్లేదు. కేబుల్ మార్చింది, ప్రోగ్రాం మళ్లీ మొదలుపెట్టింది. తను గీసిన పిక్సెల్ బొమ్మను లాప్‌టాప్‌లో తెరిచి, తనే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. శుక్రవారం ఆ డిజైన్ ఫ్యాక్టరీకి వెళ్లాలి. ల్యాబ్‌లో సున్నా వచ్చిందని సంతకం పెట్టింది తనే.

మొహం కడుక్కొని వచ్చేసరికి తెరమీద మైనస్ ముప్పై రెండు.

"ఏం ముట్టుకున్నావక్కా?"

"మేత మూట దించాల్సి వచ్చింది. నీ బోర్డు దారికి అడ్డంగా ఉంటే ఎత్తి మళ్లీ ఆడనే పెట్టినాను. అటుది ఇటు అయినట్టుండాది. చెడిపోయిందా?"

షబానా బోర్డును మళ్లీ తిప్పింది. ముప్పై ఎనిమిది. తిప్పింది. మైనస్ ముప్పై రెండు. బయటి కాంతి ఏదో మినుకుమంటుంటే, బోర్డు ఎటు తిరిగినా ప్లస్ మైనస్‌గా మారకూడదు. తూర్పున సముద్రం మీద ఎండ ఇంకా ఏటవాలుగానే ఉంది. రెండు అరల మధ్య తాను గీసిన లోహపు తీగ గుర్తొచ్చింది. ఆ తీగ నీడ ఒక అర మీదే పడుతోంది; బోర్డు తిప్పితే రెండో దాని మీద. ల్యాబ్‌లో ఎండకు బదులు పెట్టిన దీపం ఎప్పుడూ చిప్‌కు నడినెత్తి మీదే ఉండేది.

పై అధికారి నరేంద్రబాబుకు ఫోన్ చేసింది.

"సార్, శుక్రవారం పంపొద్దు. తప్పు నాదే."

"సున్నా వచ్చిందని నువ్వే కదమ్మా చెప్పింది?"

"వచ్చింది సార్. ఎండ ఏటవాలుగా పడితే రావట్లేదు. తీగ మార్చి గీయాలి."

"ఎన్నాళ్లు?"

"రెండు వారాలు."

"సరే, ఆపుతాను," అన్నాడు. గొంతులో కోపముందో లేదో ఆమెకు తెలియలేదు.

మధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీదికొచ్చాక మళ్లీ చూసింది. నీడ పడే వీల్లేదు, దీపమూ లేదు. తెరమీద సున్నా రావాలి, మూడు వచ్చింది. బోర్డు తిప్పినా మూడే.

"ఇదేందమ్మా మళ్లీ?" అంది పక్కకొచ్చిన అబిగయీలు.

"తెలీదక్కా," అంది షబానా. "రేపు కూడా ఉంటాను."