కుడికంటి రింగు

కొత్త బైనాక్యులర్ కొన్నాక, ఇక పిట్టలు చూడటానికి రానని మా ఆయనకు చెప్పేయాలని నిర్ణయించుకునే ఆ రోజు షాపుకు బయల్దేరాను. ముందే చెబితే మనసు విరిగి కొనడమే మానేస్తారు. ఆయన దానికోసం కళ్లలో ఒత్తులు వేసుకుని ఎదురుచూస్తున్నారు. కొననిచ్చి, ఇంటికొచ్చి, టీ తాగాక చెప్పాలి. ఎలా చెప్పాలో కూడా అనుకునే ఉంచాను. "మీరు వెళ్లి రండి, నాకు ఆ చూపు లేదు."

చూపు లేదన్న మాట నాది కాదు, ఆయనదే. ఆదివారం తెల్లారగానే ఇద్దరం ఊరవతల సరస్సుకు వెళ్తాం. వారమంతా ఆయన డ్యూటీ ఆయనది, నాది నాది. మేమిద్దరం కలిసి ఎక్కడికైనా వెళ్లేది ఆ ఒక్క పూటే. కానీ ఉన్న బైనాక్యులర్ ఒకటే. ముందు ఆయన పిట్టను వెతికి పట్టుకుంటారు. నడుమనున్న చక్రం అటూ ఇటూ తిప్పి తేటగా కనబడేలా పెట్టి, అప్పుడు నా చేతికిస్తారు.

"దేన్నీ ముట్టుకోకు, సరిగ్గా పెట్టి ఇస్తున్నా. అదిగో, రెల్లు పక్కన. కనబడిందా?"

నాకు కనబడేది తాళం సందులోంచి చూసినట్టు ఓ చిన్న గుండ్రం. చుట్టూ నల్లటి నీడ. మధ్యలో నీళ్లలో నానిపోయిన బొమ్మలాంటిదేదో. అది పిట్టో, మొద్దో తేల్చుకునేలోపే ఎగిరిపోతుంది. కనబడలేదంటే, "నీకు ఓపిక లేదు, అసలు చూపు లేదు" అంటారు. ఆ గొడవంతా ఎందుకని "ఆఁ, కనబడింది" అనడం అలవాటు చేసుకున్నాను. ఓసారి మాత్రం ధైర్యం చేసి "భలే ఉంది కొంగ" అన్నాను. తీరా అది ప్లాస్టిక్ సంచి. ఆ కథ చెప్పి మా ఆయన నవ్వించని చుట్టం లేడు.

అందరితో కలిసి నేనూ నవ్వాను గానీ, లోపల ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే నేను పళ్ల ల్యాబులో పనిచేస్తాను. కట్టుడు పళ్లకు రంగు కలపడమే నా ఉద్యోగం. పక్క పన్నుతో కలిసిపోయే తెలుపు తేవాలి, పిసరంత తేడా వచ్చినా నవ్వినప్పుడు దొరికిపోతుంది. నేను కలిపిన పన్ను రంగు కుదరలేదని తిప్పి పంపిన డాక్టరు లేడు. అలాంటిదాన్ని పట్టుకుని చూపు లేదంటే! అయినా అదే మాట ఆదివారం ఆదివారం వింటే ఎవరైనా నమ్మేస్తారు. నేనూ నమ్మేశాను.

ఆయనేమో తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. ఏ కొట్లోనైనా తక్కెడ ముల్లు గోరంత పక్కకుంటే అక్కడే కూర్చుంటారు. బైనాక్యులర్ ఎంపిక కూడా అంతే. కొన్ని నెలలుగా భోజనాల దగ్గర మా ఇంట్లో వేరే మాట లేదు. పది రెట్లది దగ్గరగా చూపిస్తుందట గానీ చెయ్యి వణికితే పిట్టా వణుకుతుందట. ఎనిమిది రెట్లది పొద్దున మసక వెలుతురులో నయమట. ఒకదాని అద్దం బాగుంటే బరువు ఎక్కువట, ఇంకోదాని బరువు బాగుంటే అంచుల్లో మసకట. "అంచుల్లో మసక" అన్నప్పుడల్లా ఆయన మొహం పులుపు తిన్నట్టు అయ్యేది. చివరికి మూడింటి దగ్గర ఆగారు.

షాపు మేడ మీద ఉంది. వీధి వైపు పెద్ద కిటికీ. షాపావిడ నా ఈడుదే. మూడు బైనాక్యులర్లూ తీసి బల్ల మీద గుడ్డ పరిచి పెట్టింది. మా ఆయన కళ్లజోడు నెత్తి మీదికి నెట్టుకుని మొదటిది ఎత్తారు. ఆయన ఎప్పుడూ అంతే, కళ్లజోడు తీసి చూస్తారు. నేను కళ్లజోడుతోనే చూస్తాను. ఈ తేడాను పట్టించుకోవాలని మా ఇద్దరిలో ఎవరికీ ఎన్నడూ తోచలేదు.

మొదటిది మెడ లాగేస్తుందన్నారు. రెండోది తేలిగ్గా, చేతిలో ఇమిడినట్టు ఉందిగానీ అంచులు మసకన్నారు. మూడోది కళ్లకు పెట్టుకున్నాక ఏమీ అనలేదు. చాలాసేపటికి దించి, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నించున్నారు. ఇదే కొంటారని నాకు అర్థమైపోయింది.

"మేడమ్ చూడరా?" అంది షాపావిడ.

మా ఆయన ఎదుటి మేడ మీదికి గురిపెట్టి, చక్రం సవరించి, నాకిచ్చారు. "దేన్నీ ముట్టుకోకు."

మళ్లీ అదే తాళం సందు. "బాగుందండీ" అన్నాను.

"పిట్టగోడ మీద పావురం ఉంది. దాని కన్ను ఏ రంగు?" అంది ఆవిడ.

"కన్నా? నాకు పావురమే కనబడట్లేదు." మాట జారిపోయింది.

ఆవిడ నా చేతిలోంచి తీసుకుంది. కళ్లకు ఆనే గిన్నెల్లాంటివాటిని తిప్పి కిందికి దించింది. "కళ్లజోడు ఉన్నవాళ్లకు ఇవి దించాలి మేడమ్." తర్వాత రెండు గొట్టాలనూ నా కళ్ల ఎడానికి దగ్గరగా మడిచింది. కుడివైపు అద్దానికి చెయ్యి అడ్డుపెట్టి ఎడమ కంటికి తేటపడేదాకా చక్రం తిప్పుకోమంది. ఇప్పుడు ఎడమ అద్దం మూసి, కుడికంటి దగ్గరున్న సన్న రింగు తిప్పమంది.

"అది తిప్పకూడదు!" మా ఆయన గబుక్కున చెయ్యి చాచారు. "సెట్టింగ్ పోతుంది. మా పాతదానికి అది కదలకుండా టేపు కూడా వేశాను."

"టేపా సార్?"

"కరెంటు టేపు. గట్టిగా." కాస్త గర్వంగానే చెప్పారు.

ఆవిడ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఆ రింగు ఎవరి కళ్లకు వాళ్లు సరిచేసుకునేది సార్. మీ ఎడమ కంటికీ కుడి కంటికీ ఉన్న తేడాకు తగ్గట్టు పెట్టింది మీకే పనికొస్తుంది. మేడమ్‌కి పనికిరాదు."

నేను రింగు తిప్పాను. కొంచెం, ఇంకొంచెం. గోడ ఇటుకలు ముందుకొచ్చాయి. దాని మీద పావురం. కన్ను నారింజ రంగు, మధ్యలో నల్ల చుక్క. మెడ తిప్పినప్పుడల్లా ఆకుపచ్చ ఊదాలోకి మారుతోంది. ముక్కు మొదట్లో తెల్లటి బొడిపె, పాలపళ్ల తెలుపు. రోజూ మా కిటికీ మీద వాలే పావురాల్లాంటిదే! ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపం వచ్చింది. ఇన్ని ఆదివారాలు!

"ఏదీ, ఇలా ఇవ్వు" అంటూ ఆయన చెయ్యి అప్పుడే రింగు మీదికి వచ్చింది.

"దేన్నీ ముట్టుకోకండి. సరిగ్గా పెట్టి ఇస్తున్నా" అన్నాను.

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని అలాగే చూశారు. "ఇదేంటి, నల్లగా మూసుకుపోతోంది. కుడివైపంతా అలికేసినట్టుంది."

"పావురం కనబడిందా?"

"లేదు."

"మీకు ఓపిక లేదు. అసలు చూపు లేదు."

షాపావిడ అటు తిరిగి శుభ్రంగా ఉన్న అద్దాల్నే తుడవడం మొదలుపెట్టింది. ఆయన మాత్రం వెంటనే దించలేదు. ఏమీ కనబడని దాంట్లోంచి అలాగే చూస్తూ ఉన్నారు. దించాక గొంతు తగ్గింది.

"ఇన్నాళ్లూ నీకు ఇలాగే కనబడేదా?"

"ఇంకా చిన్నగా."

"మరి కనబడిందనేదానివిగా. చెప్పొచ్చు కదే!"

"కనబడిందా అని అడిగారు. ఏం కనబడిందని ఒక్కసారైనా అడిగారా?"

ఆయన నెత్తి మీది కళ్లజోడు కిందికి దించుకున్నారు. "టేపు నేనే వేశాను" అన్నారు, నాకు తెలియనట్టు. ఆ మాటకు నా కోపం సగం దిగిపోయింది. మిగతా సగం ఉంచుకున్నాను.

మూడోదాన్ని ఆయనే పెట్టెలో పెట్టారు. పట్టీ మడతలు సర్ది, మూత వేశారు. "ఆ రెండోది ఇంకొకటి ఉందా అమ్మా? ఈ ఒక్కదాని డబ్బులకు అవి రెండొస్తాయి, రెండు కావాలి. ఒకటి ఈవిడకి పెట్టివ్వండి."

"అదేంటండీ! మీకు నచ్చింది ఆ మూడోదేగా, అదే కొనుక్కోండి. పాతదానికి టేపు పీకి నేను వాడుకుంటాను" అన్నాను. ఊరికే అనలేదు, నిజంగానే అన్నాను.

"అంచుల్లో కాస్త మసకైతే కొంపేం మునిగిపోదులే" అన్నారు, ఇన్ని నెలలూ ఆ అంచుల కోసం నా ప్రాణం తోడేసిన మనిషి.

ఇంటికొచ్చి టీ తాగాం. చెప్పాలనుకున్న మాట చెప్పలేదు.

ఆదివారం సరస్సు మీద మంచు పరుచుకుని ఉంది. ఎవరి బైనాక్యులర్ వాళ్ల మెళ్లో ఉంది. ఆయన పిట్టను పట్టుకుని, చక్రం తిప్పి, అలవాటుకొద్దీ తనది నా వైపు చాచారు. వెంటనే గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నారు.

"అవతలి గట్టున, రెల్లు మొదట్లో కొంగ. కనబ..." ఆగిపోయారు. "ఏం కనబడుతోంది?"

నేను తీరిగ్గా చూశాను. ఆ తెలుపు ఈక తెలుపు కాదు.

"కొంగ ఎడం పక్కనుందండీ, ఒంటికాలి మీద. మీరు చూస్తున్నది సంచి."

ఆయన చాలాసేపు చూశారు. "అవును, సంచే" అన్నారు. ఈ కథ ఏ చుట్టానికి ముందు చెప్పాలా అని నేను అప్పుడే ఆలోచిస్తున్నాను.

"ఇంకా?" అన్నారు ఆయన, బైనాక్యులర్ దించేసి నా వైపు తిరిగి. "ఇంకా ఏం కనబడుతోంది?"