గిన్నెలో తగ్గిన బెండకాయలు

ముసలాయన మళ్ళీ కంచం పక్కకు తోశాడు.

"ఇదేమన్నా ఆస్పత్రా, అమ్మాయ్?"

కంచంలో టమాటా బెండకాయలు పొగలు కక్కుతున్నాయి. "కొంచెమైనా తినండి, పెద్దయ్యా," అని బతిమాలింది లమారా.

"నువ్వే తిను." పాండెలిస్ చేతికర్ర అందుకుని గదిలోకి వెళ్ళి పడుకున్నాడు.

జార్జియా కొండల్లోంచి గ్రీసుకు వచ్చి, కలమాటాలో ఈ ఇంట్లో చేరింది లమారా. బస్సు డ్రైవరుగా రిటైరైన పాండెలిస్‌కు వండిపెట్టి, కనిపెట్టుకుని ఉండాలి. ఏథెన్స్‌లో ఉండే కూతురు ఎవాంథియా ఏయే కూరలు వండాలో ఫోన్లోనే చెప్పింది. నిన్న మాత్రం గొంతు మార్చింది.

"నాన్న చిక్కిపోయాడట. ఆదివారం వస్తున్నా. అప్పటికీ తినకపోతే ఇంకో మనిషిని చూసుకుంటాం. ఏమీ అనుకోకు."

ఉద్యోగంతోపాటు తల దాచుకునే చోటూ పోతుంది. తప్పెక్కడుందో లమారాకు అంతుపట్టలేదు. ముసలి గుండెకు మంచిదని, ఎవాంథియా చెప్పిన నూనెలో సగమే పోసింది. పొద్దున వండినది మధ్యాహ్నం మళ్ళీ మరిగించి వడ్డించింది. ఆమె ఊళ్ళో మనిషికి చల్లారిన కూర పెట్టడమంటే గడప దిగమనడమే. తను మాత్రం ఈ దేశపు కూర ముట్టలేదు. వంటింట్లో వేడివేడి చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టెతో కడుపు నింపుకునేది.

శనివారం సాయంత్రం గిన్నె మూత తీసి ఆగిపోయింది. బెండకాయలు సగానికి తగ్గాయి. పిల్లి పని కాదు. పిల్లి మూత పెట్టి పోదు.

ఆదివారం కూడా కంచం అలాగే మిగిలింది. వీధంతా కునుకు తీసే వేళ లమారా చెప్పులు విప్పి వంటింటి తలుపు వెనక నక్కింది. చేతికర్ర చప్పుడు దగ్గరైంది. మూత లేచింది.

పాండెలిస్! చల్లారిన గిన్నెలోకి ఆలివ్ నూనె డబ్బా వంచేశాడు. రొట్టె ముంచి నోట్లో కుక్కుకున్నాడు. గడ్డం మీద నూనె కారుతోంది.

"దొంగ దొరికాడు!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "మా అమ్మాయికి చెప్పకే తల్లీ! నూనె లేకుండా వేడివేడిగా పెట్టమని డాక్టరు చెప్పాడేమో. ఆ కూడు తిని బతికేం లాభం?"

"ఏ డాక్టరూ చెప్పలేదు. నేనే వేడి చేశా."

"నువ్వా? వండిన బెండకాయల్ని ఎవరైనా మళ్ళీ మరిగిస్తారటే? చల్లారితేనేగా రుచి!"

"ఆ మాట మొదటిరోజే అనొచ్చుగా?"

"ఇది కూడా చెప్పాలని నాకేం తెలుసు?" అంటూ కుర్చీ లాగాడు. "కూర్చో. ఒక్కణ్ణే తింటే దొంగతనంలా ఉంది."

మొదటి ముద్ద లమారా గొంతు దిగనంది. చల్లగా, జారుడుగా ఉంది. నీళ్ళు తాగి మింగింది. ఈసారి రొట్టెను అడుగుదాకా ముంచింది. టమాటా పులుపూ నూనే కలిసి నాలుకకు తగిలాయి. ఇంకో ముక్క తుంచుకుంది.

వీధి తలుపు తెరుచుకుంది. ఎవాంథియా! గిన్నె మీద వంగిన ఇద్దరినీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"తినడం లేదన్నారు?"

లమారా లేచి నిలబడింది. "నేనే మరిగించి పాడుచేశానమ్మా. నూనె కూడా తగ్గించా. తప్పు నాది."

ఎవాంథియా తండ్రి వైపు చూసింది.

"ఇంకో మనిషిని తెచ్చావంటే మళ్ళీ మొదట్నుంచి నేర్పాలి," అన్నాడు పాండెలిస్, నోటినిండా రొట్టెతో. "నా వల్ల కాదు."

ఎవాంథియా సంచి కింద పెట్టింది. "నాకేమన్నా మిగిల్చారా?"

"లేదు," అంది లమారా. "రేపు పొద్దున్నే వండి చల్లారబెట్టేస్తా."