మబ్బుల బస్సు

డానియల్‌కు మెలకువ వచ్చేసరికి బస్సు కదులుతున్నట్టు అనిపించింది. వెనక పొడుగు సీటు మీద పడుకున్నవాడు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. స్టీరింగు ముందు ఎవరూ లేరు. బయట పంచాయతీ ఆఫీసు గోడ, గోడ మీది లైటు ఎక్కడివక్కడే ఉన్నాయి. తిరుగుతున్నది తన తల.

మళ్ళీ పడుకుంటే ఇంకా ఎక్కువైంది. బస్సు పైకప్పు ఒక పక్కకు ఒరిగి, సర్దుకుని, మళ్ళీ ఒరుగుతోంది. నాలుక పిడచగట్టింది. రాత్రంతా నిద్రపోయినా కన్ను మూయనట్టే ఒళ్ళు బరువుగా ఉంది. కిటికీ కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

బతుకమ్మ పండుగప్పటి నుంచి ఇదే వరస. పొద్దున లేవగానే మత్తుగా, తూలినట్టుగా ఉండేది. మొహం కడుక్కుని చాయ్ తాగితే పోయేది. డానియల్ ఎవరికీ చెప్పలేదు. డిపోలో చెబితే పరీక్షలకు పంపుతారు. అక్కడ పనికిరావని రాస్తే స్టీరింగు చేజారిపోతుంది. ఇక ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. భార్య లీలమ్మ, కూతురు కోమల కాన్పుకని, హైదరాబాదు పోయింది. కోమలా అల్లుడూ ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు కాబట్టి, మనవరాలు నడక నేర్చినా లీలమ్మ తిరిగి రాలేకపోయింది. నల్లగొండలో కిరాయి గదిలో డానియల్ ఒక్కడే ఉంటున్నాడు.

మర్రిగూడ దాటి లోపలికి పోతే వచ్చే ఈ ఎర్రగుంటపల్లి అతని నైటౌటు ఊరు. రాత్రి చివరి ట్రిప్పుకు వచ్చి బస్సు ఇక్కడే ఆపుకుంటాడు. తెల్లవారకముందే, మబ్బు చీకట్లోనే నల్లగొండకు బయలుదేరతాడు. అందుకే ఊళ్ళోవాళ్ళు దాన్ని మబ్బుల బస్సు అంటారు. ఏండ్లుగా వస్తూ పోతూ ఉన్నా ఈ ఊళ్ళో ఒక్క ఇంటి లోపల ఎట్లా ఉంటుందో అతనికి తెలియదు. చీకట్లో వచ్చి చీకట్లో పోయేవాడు. "డ్రైవర్ సాబ్, జర ఆపు" అన్న మాట తప్ప అతనితో ఎవరికీ పని పడలేదు.

తలుపు మీద ఎవరో దబదబా కొట్టారు.

"సాబ్, లేస్తలేవేంది? టైమయితాంది!" అది పాల క్యాన్ల పోచయ్య గొంతు.

పంచాయతీ అరుగు మీద పడుకున్న కండక్టర్ మల్లికార్జున్ అప్పటికే టికెట్ల మిషను మెడకు తగిలించుకుని వచ్చాడు. డానియల్ సీట్లు పట్టుకుంటూ వచ్చి తలుపు తీశాడు. జనం ఎక్కారు. కూలికి పోయేవాళ్ళు, పోచయ్య, పరీక్ష రాయబోతున్న సుస్మిత అనే పిల్ల, అందరికంటే వెనక సీతాఫలాల గంపలతో సైదమ్మ. ఒకప్పటి ఫ్లోరైడు నీళ్ళు తాగి వంకర తిరిగిన కాళ్ళతో ఆ ముసలమ్మ మెట్లు ఎక్కడానికి ఎప్పుడూ కొంచెం సేపు పడుతుంది. ఆమె కూర్చునేదాకా డానియల్ బండి కదపడు. ఆ సంగతి ఆమె గమనించిందో లేదో అతనికి తెలియదు.

సీసాలో నీళ్ళు మొహం మీద చల్లుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తగ్గిపోతుందిలే, రోజూ తగ్గుతున్నదేగా అనుకున్నాడు. ఇంజను పెట్టాడు. బస్సు ఊరు దాటి చెరువు కట్ట వైపు మళ్ళింది. కల్వర్టు దగ్గర మలుపు తిరగబోతుంటే హెడ్‌లైట్ల వెలుగులో రోడ్డు రెండుగా చీలింది. ఏది నిజమైన రోడ్డో తెలియలేదు. ఎడమ పక్క నీళ్ళు. డానియల్ గట్టిగా బ్రేకు తొక్కాడు. క్యాన్లు గణగణమన్నాయి. ఎవరో తిట్టారు.

హ్యాండ్ బ్రేకు లాగి ఇంజను ఆపేశాడు.

"నాతోటి కాదు మల్లికార్జున్. నడపలేను. డిపోకు ఫోన్ చెయ్" అన్నాడు.

కిందికి దిగబోయి తూలి తలుపుకు గుద్దుకున్నాడు. రోడ్డు పక్కన కూలబడి కక్కుకున్నాడు. బస్సులోంచి జనం దిగి చుట్టూ నిలబడ్డారు.

"రాత్రి మస్తుగ పోసుకున్నట్టున్నడు" అన్నారెవరో.

"గింతమంది పానాలు చేతుల వెట్టుకొని గిదేం పని? నా పాలు ఇరిగిపోతయి, ఎవరిస్తరు పైసలు?" అని పోచయ్య అరిచాడు.

సుస్మిత ఏడుపు మొహంతో ఫోనులో ఎవరినో బండి తీసుకుని రమ్మంటోంది. డానియల్ తల ఎత్తి ఆ పిల్లను చూడలేకపోయాడు. తాగలేదని చెబుదామనుకున్నాడు గానీ నోరు తెరిస్తే మళ్ళీ కక్కు వచ్చేలా ఉంది.

మల్లికార్జున్ పక్కన వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు. "అన్నా, నిజం చెప్పు. రాత్రి ఏమన్న తీసుకున్నవా? నాకు చెప్తే నేను జూసుకుంట."

ఇద్దరూ ఒకే బస్సులో ఎన్నో పొద్దులు గడిపినవాళ్ళు. డానియల్ మందు ముట్టడని, ఆదివారం డ్యూటీ లేకపోతే చర్చిలోనే ఉంటాడని మల్లికార్జున్‌కు తెలుసు. తెలిసీ అడిగాడు. డానియల్ అడ్డంగా తల ఊపాడు. ఆ ఊపుకే చెరువు, జనం, బస్సు అన్నీ గిర్రున తిరిగాయి.

అప్పుడు సైదమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. వంగి అతని మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూసింది.

"నా మొగడు సచ్చేదాక తాగిండు. తాగినోని నోరెట్లుంటదో నాకు ఎర్కలేదా? ఈయన నోట్ల ఏ వాసన లేదు. పానం బాగలేక కక్కుకుంటుంటే మీద వడి మొత్తుకుంటరేందిరా?" అంది.

పోచయ్య క్యాన్లు దించుకోవడానికి పోయాడు. ఎవరూ దగ్గరకు రాలేదు. ఆటోలు వచ్చాయి. ఒక్కొక్కరే ఎక్కి పోయారు. సుస్మిత బాబాయి బండి మీద వెళ్ళిపోయింది. గంపలకు చోటు లేదని ఆటోవాళ్ళు సైదమ్మను ఎక్కించుకోలేదు. వేరే డ్రైవరు వచ్చేదాకా కాచుకోవలసిందేనని ఆమె బస్సు మెట్టు మీద కూర్చుంది. దారిన పోతున్న ఒకామెను ఆపి, తన ఇంటి నుంచి వేడినీళ్ళు, కాస్త జావ తెప్పించింది.

"ఉప్పేయించిన. కొద్దికొద్దిగ తాగు. ఏం పేరు కొడుకా నీది?"

"డానియల్."

"ఇంట్ల ఎవరెవరున్నరు?"

"నా భార్య ఉంది. బిడ్డ దగ్గరికి వోయింది."

"ఎన్నొద్దులైతాంది?"

డానియల్ జావ గిన్నెలోకి చూశాడు. "చాన రోజులైంది అవ్వా."

సైదమ్మ అతని గిన్నె మళ్ళీ నింపింది. తన గంపల్లో మెత్తబడ్డ పండ్లను పైకి, గట్టివాటిని కిందికి సర్దుకుంటూ కూర్చుంది. తెల్లగా తెల్లవారింది. డానియల్ ఆ ఊరిని పగటి వెలుతురులో చూడటం అదే మొదలు. చెరువు అంత పెద్దదని అతను అనుకోలేదు.

డిపో జీపులో వేరే డ్రైవరూ, ఒక అధికారీ వచ్చారు. అధికారి ముందుగా ఊదే మిషను తీసి డానియల్ నోటి దగ్గర పెట్టాడు. డానియల్ ఊదాడు. సున్నా చూపించింది. అధికారి మిషను జేబులో పెట్టుకుని, "సరే, దవాఖానకు పోదాం పా" అన్నాడు. మల్లికార్జున్ ఆ సున్నాను చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

జీపులో పోతూ డానియల్ వెనక్కి తిరిగి చూశాడు. బస్సు కిటికీలో సైదమ్మ చెయ్యి ఊపలేదు. గంపలు పడకుండా పట్టుకునే తొందరలో ఉంది.

దవాఖానలో డాక్టరమ్మ అతన్ని బల్ల మీద పడుకోబెట్టి తలను ఒక పక్కకు, ఇంకో పక్కకు తిప్పి కళ్ళలోకి చూసింది.

"చెవి లోపల బ్యాలెన్సు దెబ్బతిన్నది. పానానికి భయం లేదు. కానీ పూర్తిగ తగ్గేదాక స్టీరింగు పట్టొద్దు. నిద్ర లేవంగనే జల్ది లేవకు, మెల్లగ లేవాలె. లేకుంటే పడిపోతవు. తల తిరిగితె ఒక పక్కకు ఒత్తిగిల్లి పండుకో. ఇంట్ల మనిషి ఉన్నరు కదా?"

"ఉన్నరు మేడం" అన్నాడు.

సెలవు చీటీ, మాత్రలు తీసుకుని గదికి వచ్చాడు. కింది వాటాకు తాళం వేసి ఉంది. మధ్యాహ్నం, సాయంత్రం నిద్రపోతూ లేస్తూ గడిపాడు. చీకటి పడే వేళకు లీలమ్మ ఫోన్ చేసింది. వెనక మనవరాలు ఏదో కింద పడేసి నవ్వుతోంది.

"తిన్నవా? గొంతెందుకు గట్లున్నది?"

"నిద్రవోయి లేసిన. మంచిగనే ఉన్న."

"సరే, పిల్ల కిచెన్లకు ఉరుకుతాంది, మళ్ళ జేస్త" అని పెట్టేసింది.

మరునాడు పొద్దున మళ్ళీ గది తిరిగింది. ఈసారి పట్టుకోవడానికి కిటికీ కడ్డీ కూడా చేతికి అందలేదు. మెల్లగా లేవమన్న మాట గుర్తుండి మెల్లగానే లేచాడు. అయినా నీళ్ళ బిందె దాకా పోలేకపోయాడు. గోడ పట్టుకుని జారి నేల మీద కూర్చుండిపోయాడు. బండ చల్లగా తగిలింది. ఇప్పుడు తన తల గోడకు తగిలి పగిలినా సాయంత్రం లీలమ్మ ఫోను చేసేదాకా ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చాక, నిన్న కల్వర్టు దగ్గర లేని భయం ఇప్పుడు పట్టుకుంది.

పాక్కుంటూ మంచం దగ్గరకు పోయి ఫోను అందుకున్నాడు.

"లీలా," అన్నాడు. "నాకు పానం బాగలేదు."

అంతా చెప్పాడు. బతుకమ్మప్పటి సంగతి, చెరువు కట్ట, తాగిండనడం, సున్నా చూపిన మిషను, అన్నీ. అంత సేపు ఒకేసారి మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"నిన్న మంచిగనే ఉన్న అన్నవ్ కదా" అంది లీలమ్మ. గొంతు సన్నగా వినపడింది.

"అన్న."

"గట్లెందుకన్నవ్?"

"నువ్వు పిల్లతోటి పరేషాన్ల ఉంటవని" అన్నాడు.

లీలమ్మ ముక్కు చీదుకోవడం వినపడింది. "కోమలకు సెలవు దొరకాలె. ఐతారం వరకు ఎట్లన్న జేసి వస్త. అందాక ఎవర్నన్న తోడు పిలుచుకో, ఇంటున్నవా?"

"పిలుచుకుంట."

ఫోను పెట్టేశాక అందులోని పేర్లను ఒక్కొక్కటే పైకి జరిపాడు. అన్నీ డిపో పేర్లే. మల్లికార్జున్ దగ్గర వేలు ఆగింది. రాత్రి ఏమన్న తీసుకున్నవా అని అతను చెవిలో అడగడం గుర్తొచ్చింది. కాసేపు చూసి ఫోను బోర్లా పెట్టాడు. తర్వాత డాక్టరమ్మ చెప్పినట్టు ఒక పక్కకు ఒత్తిగిల్లి పడుకుని, ఎదుటి గోడ కుదురుగా నిలబడే దాకా దాన్నే చూస్తూ ఉన్నాడు.