భాగ్యశ్రీ చెప్పిన వాక్యం

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన మా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు. ఆ రోజు విశ్వేశ్వర్ సార్ ‘కట్ మై టీత్’ అనే మాట నేర్పారు. పసిపిల్లలకు పళ్లొచ్చినట్టు, మనకు పని మొదట ఎక్కడ అబ్బిందో ఇంటర్వ్యూలో చెప్పడానికి వాడతారట. అందరినీ సొంత వాక్యాలు చెప్పమన్నారు.

భాగ్యశ్రీ లేచింది. పురానాపూల్‌లో వాళ్లకు తొమ్మిది బర్రెలు. “ఐ కట్ మై టీత్ ఇన్ మై ఫాదర్స్ డెయిరీ” అంది. అక్కడితో ఆగొచ్చుగా! దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు పెడతారని, అప్పుడే బర్రె చేపి పాలిస్తుందని, ఎనిమిదేళ్ల వయసులో ఆ గడ్డిదూడను పట్టుకుని నిలబడటమే తన మొదటి పని అని చెప్పింది.

క్లాసంతా బర్రెల్లా అరిచింది. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. నా వంతు వచ్చేసరికి మాత్రం దగ్గు వచ్చినట్టు నటించి బయటికి పోయాను. మా నాన్న డానియేలు మోరీల్లో మురికి తీస్తాడు. సెలవుల్లో నేనూ ఆయన బండి తోసిన సంగతి చచ్చినా చెప్పను.

నెల తిరక్కుండా ఒక పాల కంపెనీ ఆఫీసులో ఒకే ఒక్క ఉద్యోగం పడింది. ఇద్దరం వెళ్లాం.

“ఇది రాకుంటే ఇగ ఇంట్ల బర్రెల పెండ తియ్యుడే అన్నడే మా బాపు. మస్తు భయమైతుంది స్వీటీ” అంది భాగ్యశ్రీ.

నన్నే ముందు పిలిచారు. అనుభవం ఏముందని అడిగితే తడుముకోకుండా ఆ వాక్యం చెప్పాను. గడ్డిదూడ సంగతి కూడా వదల్లేదు. కంపెనీ పెద్దసారు పెన్ను పక్కన పెట్టి మరీ విన్నారు. నా మీద నాకే గర్వమనిపించింది.

తర్వాత భాగ్యశ్రీ వెళ్లింది. ఐదు నిమిషాల్లో నన్ను మళ్లీ లోపలికి పిలిచారు. ఆమె మొహం కందిపోయి ఉంది.

“ఇద్దరిదీ ఒకే కథ ఎట్లయితదమ్మా?” అన్నారు పెద్దసారు.

“నువ్వన్న చెప్పవే స్వీటీ! మా ఇంట్ల బర్రెలున్నయని నీకెర్కే గద!”

అప్పటికీ ఆమె నన్ను అనుమానించలేదు. నాకు ఒళ్లు మండింది.

“ఈమెను క్లాసుల చూసిన సార్, గంతే. నేను చెప్పిన మాటే బట్టీ పట్టినట్టున్నది” అన్నాను.

భాగ్యశ్రీ నా వైపు చూసింది. పెద్దసారు ఆమె కాగితాలు ఆమె చేతికిచ్చి, నన్ను కూర్చోమన్నారు.

కూర్చున్నాను.