ఇంజన్ గదిలోంచి ఎవరు ఎవర్ని తెచ్చారు

పడవ మీద చప్పట్లు కొట్టారే, మిమ్మల్నే అడుగుతున్నా. మాస్టారు నీళ్ళలోంచి పైకొచ్చి మాస్కు తీసి, "మా ఆవిడ కంగారుపడిపోయింది, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చా" అనగానే నవ్వి ఆయన భుజం తట్టారే, ఒక్కరైనా ఆమె వైపు తిరిగి, ఏం జరిగిందమ్మా అని అడిగారా? అడగరు. ఆమె అప్పటికే మీకు టీ పోస్తోంది.

ఇంటికొచ్చాక ఆమె ఎప్పటిలాగే డైవింగ్ సూట్లు మంచినీళ్ళలో జాడించి దండెం మీద ఆరేసింది. తనదీ ఆయనదీ, ముందురోజు శిష్యులు వాడినవి నాలుగు. సముద్రంలో బాగా లోతుకి దిగడం నేర్పే బడి మాస్టారిది. సిలిండర్లలో ఆక్సిజన్, హీలియం పాళ్ళు కుదిర్చి నింపేది ఆమె. ఆ పాళ్ళు కాస్త తప్పినా అడుగున మనిషి గిలగిలా కొట్టుకుని పోతాడు. పన్నెండేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఎవరైనా ఆమె గురించి అడిగితే ఆయన మాత్రం, "ఇంట్లో ఖాళీయే కదా, కాస్త సాయంగా ఉంటుంది" అంటాడు.

వాళ్ళు దిగిన ఓడ ఒకప్పటి యుద్ధంలో మునిగింది. యాభై ఎనిమిది మీటర్ల కింద పక్కకి ఒరిగి ఉంది. అందులోని నావికులు అందులోనే ఉండిపోయారు. అక్కడ ఏదీ ముట్టుకోకూడదని, తిరిగొచ్చే దారి దొరకడానికి తలుపుకి తాడు కట్టకుండా లోపలికి పోకూడదని శిష్యులకి మొదటిరోజే చెబుతారు. చెప్పేది మాస్టారే. ఆ ఉదయం శిష్యుల్ని పడవలో ఉంచి, దారి చూసి రావడానికి మొగుడూ పెళ్ళాలిద్దరే దిగారు. దిగేముందు ఆమె తాడు మాటెత్తితే, ఈ ఓడ నాకు మన ఇల్లంత తెలుసన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. ఉప్పు డబ్బా ఎక్కడుందని ఇప్పటికీ కేకేసి అడిగే మనిషి!

ఆయన సరాసరి ఇంజన్ గదిలోకి ఈదుకుపోయాడు. ఆమె గుమ్మం దగ్గర ఆగి తాడు ముడేసి, చుట్ట విప్పుకుంటూ వెనకాలే వెళ్ళింది. ఆమె ఈదితే చూడాలి. నిద్రపోయే పసిబిడ్డ పక్కనుంచి తల్లి లేచినట్టు ఉంటుంది, అడుగున బురద రేణువైనా కదలదు. ఆయనకి గోడమీద ఇత్తడి పలక కనిపించింది. పట్టి లాగాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న తుప్పూ బురదా విరుచుకుపడ్డాయి. కంటికి ఆనించినా టార్చి వెలుగు కనిపించలేదు. ఆయన ఊపిరి బుడగలు గబగబా వినిపించాయి. అలా పీలిస్తే గాలి నిమిషాల్లో అయిపోతుంది. ఆమె ఒక చేత తాడు వదలకుండా రెండో చేత తడుముకుంటూ పోయి ఆయన మోచెయ్యి దొరకబుచ్చుకుంది. ముందుకి పద అని ఒక్క నొక్కు నొక్కింది. జానెడు జానెడు చొప్పున గుమ్మం దాకా తెచ్చింది. అంత చీకట్లోనూ తన గుండె నిదానంగా కొట్టుకోవడం గమనించి, ఇది నాకు వచ్చు అనుకుంది. ఆ మాట తనతో తాను అనుకోవడం అదే మొదలు.

అంత లోతునుంచి ఒక్కసారిగా పైకి రాకూడదు, లంగరు తాడు పట్టుకుని గంటసేపు ఆగాగి రావాలి. ఆ గంటా ఆయన ఆమె మణికట్టు వదల్లేదు. చెయ్యి పట్టుకున్నాడన్న మాట మాత్రం నిజమే.

భోజనాల దగ్గర అత్తగారు, మావాడు లేకపోతే ఏమయ్యేదానివే, ఇంటిపట్టున ఉండమంటే వినవు కదా అని సాగదీసింది. తిన్నాక మాస్టారు, దిగినప్పుడల్లా వివరాలు రాసిపెట్టే డైవ్ పుస్తకం తెచ్చి, నీ దస్తూరీ బాగుంటుంది రాయి అంటూ చెప్పసాగాడు. ఇంజన్ గది దారి సులువు. తాడు అక్కర్లేదు. నా భార్య కంగారువల్ల బురద లేచింది.

ఆమె కలం ఆగింది. మర్నాడు నలుగురు శిష్యులూ అది చదువుకుని, దాన్ని నమ్మే ఆ ఇంజన్ గదిలోకి వెళతారు. ఇన్నేళ్ళలో ఎన్ని మింగలేదు! తను నింపిన సిలిండర్లు ఆయన నింపినవయ్యాయి, తను నేర్పిన పాఠాలు ఆయన పాఠాలయ్యాయి. పోనీలే అనుకుంది. వాటివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. దీనివల్ల పోతుంది.

"మీరు కాసేపు నడుం వాల్చండి. నేను రాస్తా" అంది.

మర్నాడు పొద్దున సిలిండర్ల గది ముందు శిష్యులు చేరారు. వాళ్ళలో పళ్ళ డాక్టరమ్మ పుస్తకం తెరిచి చదివి, తలెత్తింది.

"అక్కా, తాడు కట్టకుండా వెళ్ళింది మాస్టారని ఉందేంటి?"

మాస్టారు పుస్తకం లాక్కుని చూశాడు. "ఏమే, నలుగురిలో నా పరువు తీస్తావా?"

ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పరువు సంగతి తర్వాత. వీళ్ళ ప్రాణాల సంగతి చూడండి. నేను రాసిందాంట్లో అబద్ధముంటే కొట్టెయ్యండి. లేదా కింద సంతకం పెట్టండి. పలక లాగింది మీరేనని మీ నోటితో వీళ్ళకి చెప్పండి. ఇవాళ ముందు దిగేది నేను, తాడు కట్టేది నేను. నా వెనకాల వస్తారో, పడవలో కూర్చుంటారో తేల్చుకోండి. అందాకా ఒక్క సిలిండరు కూడా ఈ గడప దాటదు."