కిందపడి పేలిన తుపాకీ

మా బావ లైమన్ అబద్ధమాడాడని మా నాన్న తుపాకీయే నాకు చెప్పింది.

వేలంపాటలో అది గొడ్డళ్లు, రంపాల కుప్పలో పడి ఉంది. జోడు గొట్టాల పాత తుపాకీ. మడమ చెక్క చీలితే నాన్న కంచె తీగ చుట్టి బిగించాడు. ఆ చుట్టు చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. మా తమ్ముడు డోయల్ ప్రాణం తీసింది ఇదే. దీన్ని నదిలో పారేయమని అమ్మ ఏడుస్తూ చెప్పింది. పారేశానన్నాడు బావ. మా మిస్సోరి నది తుపాకుల్ని వేలానికి పంపుతుందని నాకు తెలియదు. పాట పాడి తెచ్చుకున్నాను.

కౌజుపిట్టల వేటలో తుపాకీ ట్రక్కు మీంచి జారిపడి, తూటాను పేల్చే దాని సుత్తి నేలకు కొట్టుకుని పేలిందని బావ అప్పట్లో షెరీఫ్‌కు చెప్పాడు. పక్కనున్నది ఆయనొక్కడే, అందరం నమ్మాం. బాగా పాత తుపాకులు అలా పేలతాయి, వాటి సుత్తి తూటాను పొడిచే సూదికి ఆనుకునే ఉంటుంది. ఇది ఆ తర్వాతి రకం. దీని సుత్తి కొట్టాక వెనక్కి వచ్చి ఆగిపోతుంది, బొటనవేలితో ఎంత నొక్కినా సూదిని తాకదు. పాత తుపాకులు పోగేసే పిచ్చి నాకు ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. తూటా పెట్టి, దాని సుత్తి మీద కొయ్యదిమ్మెతో బాది చూశాను, పేలలేదు. ఇక బావకు ఆ సంగతి తెలుసా లేదా అన్నదే తేలాలి.

బావ ఇంటికి వెళ్లేసరికి ఆయన కొట్టంలో పందిని కోస్తున్నాడు. ఆయన చూస్తుండగానే రెండు తూటాలూ పెట్టాను.

"గుర్తుపట్టావా, బావా?"

"ఎక్కడ దొరికిందిరా?"

"నదిలో గాలమేస్తే తగిలింది."

బావ నవ్వలేదు. గొట్టాలు ఆయన వైపు ఉండేలా తుపాకీని గచ్చు మీద పడేశాను. సుత్తులు ఠంగుమన్నాయి. అది అలా పడి మనిషిని చంపడం కళ్లారా చూసినవాడైతే గెంతాలి. బావ కాలైనా కదపలేదు.

"పిచ్చి వేషాలేయకు వెర్లిన్. కిందపడితే పేలే తుపాకీ కాదది."

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలిసిరాలేదు.

"మరి డోయల్‌కి ఎలా తగిలింది?"

"ఏటిగట్టు పొలం అమ్మనిచ్చుంటే బతికుండేవాడు. పెద్ద మొండి వెధవ."

ఆ మాటతోపాటే కత్తి ఎత్తి మీదికొచ్చాడు. అడ్డుపెట్టిన అరచెయ్యి తెగింది. ఇద్దరం పంది నెత్తుట్లో దొర్లాం. ఆయన మోకాలు నా గొంతు మీద పడింది. చేతికందిన తుపాకీ మడమతో పక్కటెముకలు విరిగేలా పొడిచి, విడిపించుకుని లేచాను. ఆయన మళ్లీ కత్తి ఎత్తేలోపు సుత్తులు రెండూ వెనక్కి లాగాను. ఆ చప్పుడుకు మాత్రం బావ భయపడ్డాడు.

"ఒరేయ్, మీ అక్క మొహం చూసైనా..."

డోయల్‌కు తగిలిన చోటే, రొమ్ములో, రెండు తూటాలూ దింపాను. ఆయన వెల్లకిలా పంది పక్కన పడ్డాడు. నాకు ఇసుమంత జాలి కలగలేదు.

కొత్త షెరీఫ్ వచ్చాడు. పందిని కోస్తుంటే తుపాకీ జారిపడి పేలిందన్నాను. ఆయన టోపీ తీసి, తీగ చుట్టిన మడమను కాలితో కదిపి చూశాడు.

"ఈ పాత తుపాకులతో ఇదే గొడవ. మీ తమ్ముడు కూడా ఇలాగే పోయాడటగా?"

"అవునండీ. అచ్చం ఇలాగే."